స్పీకర్లలో నీళ్లగొంతు

ఆసుపత్రిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉన్న రోజుల్లో అందరూ ఆమెని లైనమ్మ అనేవాళ్లు. ఎవరు ఫోన్ చేసినా "లైన్లో ఉండండి, కలుపుతున్నా" అనేది కాబట్టి ఆ పేరు అంటుకుపోయింది. ఏ వార్డులో ఎవరు డ్యూటీలో ఉన్నారో, ఏ డాక్టరు ఏ వేళప్పుడు క్యాంటీన్లో దొరుకుతాడో అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. బడికి వెళ్లే వయసులో జ్వరం తగిలి చూపు పోయింది. అప్పటినుంచీ గొంతులే ఆమెకి మనుషుల మొహాలు. అవతలి మనిషి హలో అనగానే పేరు చెప్పేసేది. "నిన్నటికంటే జలుబు తగ్గినట్టుందే" అని కూడా అడిగేది. ఎప్పుడూ మొహం ఎదురుపడని ఆ పలకరింపుకి చాలామంది నర్సులు కరిగిపోయేవాళ్లు.

తర్వాత ఆసుపత్రిలో కొత్త యంత్రం పెట్టారు. దానికి మనిషి అక్కర్లేదు. డాక్టరు కావాలంటే ఒకటి నొక్కాలి, మందుల షాపు కావాలంటే రెండు నొక్కాలి. లైనమ్మ ఉద్యోగం పోలేదు గాని, పని మారింది. డాక్టర్లు రోగిని చూశాక మాటల్లో రికార్డు చేసి పంపే వివరాల్ని విని, రిపోర్టుగా టైపు చేయాలి. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. తాను టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ కంప్యూటరు పైకి చదివి వినిపిస్తుంది. తప్పో ఒప్పో ఆ గొంతు విని తెలుసుకోవాల్సిందే. ఏ భావమూ లేకుండా గబగబా అప్పజెప్పే ఆ గొంతుకి లైనమ్మ చిలక అని పేరు పెట్టింది.

తమ్ముడింట్లో, మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల ఆమెది. తమ్ముడు కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రాడు, వచ్చి స్నానం చేసినా చేతులకి ప్లాస్టర్ వాసన వదలదు. మరదలు మధ్యాహ్నంపూట పక్కవీధిలో చిన్నపిల్లల బడికి వెళ్తుంది. పొద్దుటిపూట ఇంట్లో వదినా మరదళ్లిద్దరే. ఒకరు వంటింట్లో గిన్నెలతో, ఇంకొకరు బల్ల దగ్గర చిలకతో.

చిలకని వినడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సరిపోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఉద్యోగమంతా చెవులకి బిగించుకున్న ఆ పట్టీ అంటే లైనమ్మకి ఒళ్లు మంట. చెవి వెనక ఎముక ఇప్పటికీ సలుపుతుంది. పైగా చెవులు మూసుకుంటే ఆమెకి ఇల్లే లేకుండా పోతుంది. పాలు పొంగుతున్నాయో, తలుపు ఎవరైనా తట్టారో, మరదలు విసుక్కుంటోందో పాడుకుంటోందో తెలియదు. అందుకే రెండు చిన్న స్పీకర్లు బల్లకి అటూ ఇటూ పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున, మూత్రపిండంలో రాయి ఉన్న ఒకాయన రిపోర్టు టైపు చేస్తుండగా చిలక గొంతు మీద ఇంకో గొంతు వచ్చి కూర్చుంది. మొదట ఎవరో వెనకనుంచి మాట్లాడుతున్నారనుకుని తల తిప్పింది. గొంతు స్పీకర్లలోంచే వస్తోంది. మగమనిషి గొంతు. కాని మాట ఒక్కటీ అర్థం కాదు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తూ మాట్లాడుతున్నట్టుంది. కాసేపు గుడగుడమని, ఆగి, మళ్లీ గుడగుడమని.

"అమ్మాయ్, ఇలా ఓసారి రా" అని మరదల్ని పిలిచింది.

మరదలు గరిట చేత్తో పట్టుకునే వచ్చి విన్నది. "మీ చిలకకి గొంతు పట్టేసినట్టుంది వదినా."

"చిలక బాగానే ఉంది. దీని వెనక ఇంకెవరో ఉన్నారు."

"ఎవరో ఉన్నారేంటి? పొద్దున్నే భయపెట్టకండి."

మధ్యాహ్నానికి గొంతు పోయింది. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది. వారం తిరక్కముందే ఆసుపత్రి రికార్డుల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. ఒక రిపోర్టులో పైన కుడి మూత్రపిండం అని, కింద ఎడమ మూత్రపిండం అని ఉందట. డాక్టరు గమనించాడు కాబట్టి సరిపోయింది. చిలక ఆ వాక్యం చదివి వినిపించేటప్పుడు సరిగ్గా ఆ మాట మీదే పుక్కిలింత పడి ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్క ఫోనూ తప్పు గదికి కలపని మనిషి. ఆరోజు అన్నం సయించలేదు.

తమ్ముడు కంప్యూటర్ల షాపతన్ని పిలిపించాడు. అతను వచ్చింది మధ్యాహ్నం. అప్పుడు చిలక ముత్యాల్లా మాట్లాడుతోంది. అతను అటూ ఇటూ నొక్కి చూసి, "స్పీకర్లు పాతబడ్డాయి, మార్చేస్తే పోతుంది" అన్నాడు. మార్చారు. మర్నాడు పొద్దున కొత్త స్పీకర్లలో పుక్కిలింత పాతవాటికంటే దిట్టంగా వినపడింది.

అప్పటికి లైనమ్మకి కోపం సగం చల్లారి, దాని చోట్లో ఇంకోటి మొదలైంది. ఈ మనిషెవరు? ఎక్కడున్నాడు? నా స్పీకర్లలోకి ఎలా దూరాడు?

ఆ పొద్దున టైపు పని పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. గొంతు మొదలవగానే ముందు స్పీకరు మీటని తిప్పి ధ్వని తగ్గించింది. చిలక గొంతు తగ్గుతూ తగ్గుతూ మాయమైంది. నీళ్లగొంతు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. సరే, కంప్యూటర్నే ఆపేసింది. చల్లగాలి ఊదే దాని పంకా కూడా ఆగిపోయింది. నీళ్లగొంతు మాత్రం తన మానాన తాను మాట్లాడుకుంటూనే ఉంది.

వాకిలి తుడుస్తున్న మరదలు చీపురు వదిలేసింది. "కంప్యూటర్ ఆపేశారు కదా?"

"ఆపేశాను."

"మరి ఇంకా మాట్లాడుతోందేంటి వదినా? నాకు వెన్నులో ఏదో పాకుతోంది!"

"పాకనీ. కంప్యూటర్ తప్పేమీ లేదని తేలింది. పాపం దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాం."

తర్వాత కంప్యూటరుకి తగిలించిన వైరు పీకేసింది. గొంతు పోలేదు. రెండు స్పీకర్లని కలిపే వైరుని చేత్తో పైకెత్తింది. గొంతు ఒక్కసారి పెరిగింది. వైరుని చుట్టగా చుట్టి గుప్పిట్లో పెట్టుకుంది. తగ్గింది. మళ్లీ కిటికీ గ్రిల్ దాకా చాపింది. పెరిగింది. చివరికి స్పీకర్ల ప్లగ్గు గోడనుంచి లాగేసింది. అప్పుడుగాని నోరు మూయలేదు.

సాయంత్రం తమ్ముడితో చెప్పింది. "ఒరేయ్, గాల్లో వచ్చే గొంతురా అది. ఎవరో రేడియోలో మాట్లాడుతున్నారు. మన వైర్లు దాన్ని పట్టుకుంటున్నాయి."

తమ్ముడు టీ ఊదుకుంటూ, "పోనీ, హెడ్‌ఫోన్లు పెట్టుకో అక్కా. వాటిల్లో రావట్లేదన్నావుగా" అన్నాడు.

"రావట్లేదు. పని ఉన్నంతసేపు పళ్లు బిగపట్టి పెట్టుకుంటాలే, మళ్లీ కుడి ఎడమలు తారుమారైతే నా పరువు దక్కదు. కాని వాడెవడో కనుక్కోవాలిరా."

"కనుక్కుని?"

"ఊరికే. తెలుసుకోవాలనుంది."

అక్క ఒకసారి పట్టుబట్టిందంటే ఉడుంపట్టేనని తమ్ముడికి తెలుసు.

అలా లైనమ్మ రోజూ పొద్దున పని మొదలుపెట్టేముందు కాసేపు స్పీకర్ల ప్లగ్గు పెట్టి నీళ్లగొంతుని వినసాగింది. మాటలు తెలియకపోయినా మాట నడక తెలుస్తుంది కదా. ముందు ఒకే పలుకు మళ్లీ మళ్లీ వస్తుంది, చివర కొంచెం పైకి లేచి. తర్వాత నిశ్శబ్దం. మళ్లీ అదే పలుకు. ఫోన్లో ఎన్ని వేలసార్లు విన్నదో ఆమె ఆ వరస! ఎవరినో పిలుస్తున్నాడు. పిలిచి ఆగుతున్నాడు. అవతలివాళ్లు పలికితే నడక మారుతుంది, గుడగుడలు పొడుగవుతాయి, మధ్యలో నవ్వు వస్తుంది. పుక్కిలించే నవ్వు విని లైనమ్మ కూడా నవ్వేది. అవతలి మనిషి మాత్రం ఎప్పుడూ వినపడడు. ఒకవైపు లైను మాత్రమే ఆమెకి దక్కింది.

ఇంకో సంగతి కూడా పట్టుకుంది. కొన్ని రోజులు అతనికి ఎవరూ పలకరు. పిలుస్తాడు, ఆగుతాడు, పిలుస్తాడు. ఎంతసేపని! ఆ పిలుపులో ఉత్సాహం తగ్గుతూ పోయి, చివర్లో ఎవరికోసమో కాకుండా అలవాటుకొద్దీ పిలుస్తున్నట్టు వినపడుతుంది. మర్నాడు చూస్తే మామూలే, గలగలా కబుర్లు. వారంలో ఒకటి రెండు రోజులు ఎందుకలా? అవతలివాళ్లందరూ కూడబలుక్కుని ఆ రోజు పలకడం మానేస్తున్నారా?

"మీకు ఆ మనిషి మీద జాలి పుడుతున్నట్టుంది" అంది మరదలు ఓరోజు, తడి దుప్పట్ల రెండో బకెట్టు చంకనెత్తుకుని మళ్లీ టెర్రస్ మీదికి బయల్దేరుతూ.

"పుట్టదా మరి? ఇవాళ కూడా ఎవరూ పలకట్లేదు. గొంతెండిపోయేలా పిలుస్తున్నాడు."

"గొంతునిండా నీళ్లేగా, ఎక్కడెండుతుంది!" అని మరదలు మెట్లెక్కిపోయింది.

ఆమె కిందికి దిగొచ్చేసరికి లైనమ్మ చేతిలో తమ్ముడి స్నానాలగది స్పీకరు ఉంది. నీళ్లు పడినా పాడవని చిన్న డబ్బా అది. బ్యాటరీతో నడుస్తుంది. తమ్ముడు సబ్బు రుద్దుకుంటూ పాత పాటలు వింటాడు. దానికి పాటల వైరు ఒకటి తగిలించి, వైరు రెండో చివర గాల్లో వేలాడేస్తే, చిన్నగా నీళ్లగొంతు పలికింది. వైరు పీకితే ఊరుకుంది.

"పద" అంది లైనమ్మ.

"ఎక్కడికి?"

"ఇది ఎక్కడ గట్టిగా అరుస్తుందో అక్కడికి."

మరదలు ముక్కున వేలేసుకుంది. అయినా బకెట్టు మూలన పెట్టి చెయ్యి అందించింది. ముందు కిందికి దిగారు. రెండో అంతస్తుకొచ్చేసరికి గొంతు పలచబడింది, గేటు దగ్గర దాదాపు వినపడలేదు. వెనక్కి తిరిగారు. మూడో అంతస్తు, నాలుగో అంతస్తు. మెట్టు మెట్టుకీ గొంతు చిక్కబడుతోంది. లైనమ్మ ఒక చేత్తో గోడకున్న కమ్మీ, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుని, ఆయాసాన్ని కూడా లెక్కచేయకుండా ఎక్కుతోంది. ఆఖరి అంతస్తులో తలుపు ముందు ఆగింది.

తలుపు వెనకనుంచి ఒక మగగొంతు మామూలుగా, స్పష్టంగా వినపడుతోంది. "సీక్యూ, సీక్యూ, సీక్యూ... ఎవరైనా వింటే పలకండి." సరిగ్గా అదే క్షణాన, అదే నడకతో, ఆమె చేతిలో డబ్బా గుడగుడలాడుతోంది. తలుపు వెనక అతను ఆగితే డబ్బా ఆగుతోంది. అతను దగ్గితే డబ్బా కూడా నీళ్లలో దగ్గింది. ఇన్నాళ్లూ నీళ్లలో మునిగి ఉన్న మనిషి తల పైకెత్తినట్టుంది.

తలుపు తట్టింది.

తీసినతను కొత్తగా అద్దెకి దిగిన స్కూల్ బస్సు డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపేశాక మళ్లీ మధ్యాహ్నం బస్సు తీసేదాకా అతనికి ఖాళీ. మెట్ల మీద ఎదురుపడితే తప్పుకుని దారిచ్చే మనిషి తప్ప, అతని గొంతు ఆ భవనంలో ఎవరూ పెద్దగా విన్నది లేదు.

"బాబూ, మూడో అంతస్తు నుంచి వచ్చాం" అంది లైనమ్మ. "మీరు ఇందాకట్నుంచి మా ఇంట్లో మాట్లాడుతున్నారు."

"నేనా? మీ ఇంట్లోనా?"

"నా కంప్యూటర్ స్పీకర్లలో. రోజూ వస్తారు. ఒక్క ముక్కా అర్థం కాదు."

డ్రైవరు గబగబా సంజాయిషీ మొదలుపెట్టాడు. "అమ్మా, నాకు లైసెన్సుంది. పరీక్ష రాసి తెచ్చుకున్నా. రేడియోలో మాట్లాడటం నాకు సరదా. ఊరూ పేరూ తెలియనివాళ్లతో కబుర్లు, అంతే. ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నా. పాత ఇంట్లో పక్కింటివాళ్లు గోల చేస్తేనే ఖాళీ చేసి ఇక్కడికొచ్చా. మీరు కంప్లైంట్ ఇస్తే..."

"కంప్లైంట్ సంగతి తర్వాత. నాకొక్కటి చెప్పండి. కొన్ని రోజులు మీకెవరూ పలకరు, ఎందుకని?"

డ్రైవరు గొంతు మారిపోయింది. "ఆ సంగతి మీకెలా తెలుసు?"

"వింటున్నా కదా."

అతను తలుపు బార్లా తీసి ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టాడు. ఎన్నాళ్లనుంచో ఎవరికీ చెప్పుకోలేని బాధ అది. ఈ ఇంట్లో దిగిన దగ్గర్నుంచీ కొన్ని పొద్దుటిపూటలు రేడియో మొరాయిస్తోందట. పంపిన శక్తి బయటికి పోకుండా వెనక్కి తన్నుతోందని మీటరు ముల్లు చెబుతుందట. అతుకులన్నీ విప్పి మళ్లీ అతికాడు. కేబులు మార్చాడు. మధ్యాహ్నం బస్సు తిప్పి వచ్చి టెర్రస్ మీద యాంటెన్నా తీగని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తడిమి చూసేవాడు. ఏ లోపమూ ఉండదు. ముల్లు బుద్ధిగా ఉండేది. "తల ప్రాణం తోకకొచ్చిందమ్మా. ఇవాళ కూడా అంతే, పొద్దున బాగానే ఉంది, ఉన్నట్టుండి పాడైంది."

"ఆ తీగ ఎక్కడ కట్టారు?"

"ట్యాంకు మీద గొట్టం నుంచి పిట్టగోడ దాకా. ఒక చివర ఎత్తులో, ఇంకో చివర చేతికందేలా ఉంటుంది. ఆకుపచ్చ తీగ."

ఇందాకట్నుంచీ ఏదో ఒకటి అంటూనే ఉన్న మరదలు ఒక్కసారిగా గప్‌చుప్ అయిపోయింది. లైనమ్మకి అది వినపడింది. "ఏమైందే?"

"ఆకుపచ్చ తీగా?" అంది మరదలు పీలగా. "ఇంటి ఓనరుకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చి బట్టలకి కొత్త తీగ కట్టించాడనుకున్నా. దుప్పట్లు దాని మీదే ఆరేస్తున్నా."

ముగ్గురూ టెర్రస్ మీదికి పరుగులాంటి నడక నడిచారు. లైనమ్మ చెయ్యి చాపితే నీళ్లోడుతున్న దుప్పటి తగిలింది. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన కిటికీ తెరలు కూడా. యాంటెన్నా బరువుకి కిందికి వంగిపోయి ఉంది. డ్రైవరు మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చి చూసేసరికి ఆరిన దుప్పట్లు తీసేసి ఉండేవి, అందుకే అతనికి ఎప్పుడూ చిక్కలేదు. లైనమ్మకి అతను ముక్కుతో గాలి వదిలే చప్పుడు వినపడింది. ఏడుస్తున్నాడేమోనని భయపడింది. నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాడు.

"నేను కేబులు మార్చానమ్మా! మొత్తం కేబులు!"

"మరి మీరు చెప్పొద్దూ?" అని మరదలు ఎదురుతిరిగింది గాని, ఆమెకీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, "అందుకేనా మొన్న దుప్పటి తీస్తుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంది! చీమకోసం గోడంతా వెతికాను" అంది.

దాంతో డ్రైవరు నవ్వు ఆగిపోయింది. "ఎక్కడ పట్టుకున్నారు? ఈ చివరా? అమ్మా, నేను మాట్లాడేటప్పుడు ఆ చివర ముట్టుకుంటే చర్మం కాలుతుంది. ఇంక దాని జోలికి వెళ్లకండి. తప్పు నాదే, చేతికందేలా కట్టకూడదు." ఆరోజు బస్సుకి వెళ్లేలోపే తీగ విప్పేశాడు. మర్నాడు ఒక గొట్టం తెచ్చి ఆ చివరని మనిషెత్తు దాటించి కట్టాడు. మిగిలిన నైలాను తాడుతో మరదలికి విడిగా ఒక దండెం వేసిపెట్టాడు.

అతని జబ్బు కుదిరింది. లైనమ్మ జబ్బు ఇంకా ముదిరింది. అడ్డు తొలగిన తీగనుంచి వచ్చే గొంతు స్పీకర్లలో దుప్పట్ల కాలం కంటే గట్టిగా మోగుతోంది.

"దానికి మందుంది" అని డ్రైవరు ఒక సంచీతో దిగివచ్చాడు. లైనమ్మ చేతిలో ఒక వస్తువు పెట్టాడు. గాజులా గుండ్రంగా ఉంది, గాజుకంటే చాలా మందం, రాయిలా బరువు, నున్నగా చల్లగా ఉంది. ఇనుప పొడిని కాల్చి చేసిన రింగట. వైరుని దాని చుట్టూ తిప్పితే, చిలక మాటల్ని పోనిస్తుంది, గాల్లోంచి వచ్చినదాన్ని అడ్డుకుంటుంది.

"అదెలా తెలుస్తుంది దానికి, ఏది చిలకో ఏది మీరో?"

డ్రైవరు తల గోక్కున్నాడు. "నా గొంతు మీ వైరు మీదికొచ్చేటప్పుడు చాలా వేగంగా ఊగుతూ వస్తుందక్కా. అంత వేగాన్ని రింగు సాగనివ్వదు. చిలకది నెమ్మది." అక్క అని ఎప్పుడు మొదలుపెట్టాడో అతనికే తెలియదు.

ముందు స్పీకర్లని కలిపే వైరుని చుట్టారు. అతను పైకెళ్లి రేడియోలో అంకెలు చదివాడు. మరదలు మెట్ల మధ్యలో నిలబడి కబురు చేరవేసింది.

"వదినా, వస్తోందా?"

"వస్తోంది. సగమైంది."

"సగమైందటండీ!" అని పైకి ఒక కేక.

కంప్యూటరుకి వెళ్లే వైరుకి రెండో రింగు. గొంతు పక్కగదిలోకి వెళ్లినట్టయింది. అయినా చెవి పెడితే అడుగున సన్నగా ఉంది. ఇంకెక్కడినుంచి? లైనమ్మ ఒక్కో వైరునీ వేళ్లతో పట్టుకుంటూ పోయింది. గోడకి వెళ్లే కరెంటు వైరు మీద చెయ్యి పడగానే ఆ సన్నటి గొంతు వణికింది. "ఇదిగో, దొంగ ఇక్కడున్నాడు" అంది. దాన్నీ మూడో రింగుకి చుట్టబెట్టారు. డ్రైవరు పైకెళ్లాడు. లైనమ్మ చాలాసేపు కూర్చుంది. ఏమీ లేదు.

"ఇంక మాట్లాడమను" అంది.

మరదలు పైకి అరిచింది. పైనుంచి జవాబొచ్చింది. "ఇందాకట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడట వదినా! నోరు నొప్పెడుతోందట!"

చిలక ఆ పూట రిపోర్టులన్నీ ఒక్కతే చదివింది. హెడ్‌ఫోన్లు మళ్లీ సొరుగులోకి పోయాయి. పని సజావుగా సాగింది. కాని మర్నాడు పొద్దున మామూలు వేళకి లైనమ్మ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. అతనికి ఇవాళ ఎవరైనా పలికారో లేదో! ఇంతకీ ఆ రెండోవైపు ఎవరుంటారో!

ఉండబట్టలేక మెట్లెక్కింది.

డ్రైవరు తన కుర్చీ ఆమెకిచ్చి, తాను నీళ్లడబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఆమె వేళ్లని రేడియో పెట్టె మీదికి చేర్చాడు. వెచ్చగా ఉంది, పిల్లి వీపులా. మధ్యలో పెద్ద మీట. "తిప్పండక్కా, మెల్లిగా."

పెట్టెలోంచి హోరు. హోరులోంచి ఎవరో పుక్కిలిస్తున్నారు. ఇది ఇంకో మనిషి. లైనమ్మ మీటని గోరంత తిప్పింది. గొంతు సన్నబడి కీచుమంది. వెనక్కి తిప్పింది. లావెక్కింది. ఇంకాస్త, ఇంకాస్త... ఉన్నట్టుండి నీళ్లన్నీ జారిపోయి, ముసలాయన ఒకడు పక్కన కూర్చున్నంత స్పష్టంగా అంటున్నాడు: "...నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కానో లేదో వాన మొదలైంది. ఇంక రేపే."

లైనమ్మ మీట మీదనుంచి చెయ్యి తీయలేదు. "ఇక్కడ ఎండ కాస్తోంది కదా" అంది గుసగుసగా, ముసలాయన వింటాడేమోనన్నట్టు.

"ఆయన ఎక్కడో చాలా దూరం అక్కా."

"నా స్పీకర్లకి ఈ మీట ఉంటే మీ మాటలు అప్పుడే అర్థమయ్యేవి కదా?"

"అంతే. ఈ రేడియో గొంతులోంచి ఒక ముక్క తీసేసి మిగతాది పంపుతుంది. బరువు తగ్గుతుంది, దూరం పోతుంది. అవతలి రేడియో ఆ ముక్కని మళ్లీ అతికించుకుంటుంది. సరిగ్గా అతికే చోటు కోసమే ఈ తిప్పడం. మీ స్పీకర్లకి అతకడం రాదు."

ఆమె మళ్లీ మీటని కావాలని పక్కకి తిప్పింది. ముసలాయన నీళ్లలో మునిగాడు. తిప్పింది, తేలాడు. అలా ఆయన్ని ఎన్నిసార్లు ముంచి తేల్చిందో, డ్రైవరు బస్సుకి వేళవుతోందని గుర్తుచేసేదాకా లేవలేదు.

తాను కూడా మాట్లాడాలంటే పరీక్ష రాయాలన్నాడు డ్రైవరు. పాఠాల పుస్తకం ఇచ్చాడు. అది చిలక చదవగలిగేది కాదు, అచ్చు పుస్తకం. కాబట్టి మరదలు కూరలు తరుగుతూ, దుప్పట్లు మడతపెడుతూ పైకి చదివేది. మొదట్లో "ఈ ఓములూ ఓల్టులూ నాకెందుకు" అని సణిగింది. తర్వాత తర్వాత లైనమ్మ అడక్కముందే పుస్తకం తెరిచేది. ఒక రోజు రాత్రి భోజనాల దగ్గర మొగుడు ఫ్యాను తిరగట్లేదంటే, "కెపాసిటర్ పోయుంటుంది" అంది. తమ్ముడు ముద్ద నోటిదగ్గరే ఆపేశాడు.

ఇద్దరూ పరీక్షకి వెళ్లారు. మరదలు ఒక్కసారికే గట్టెక్కింది. లైనమ్మ తప్పింది. బొమ్మ గీసి గుర్తుపట్టమన్న ప్రశ్నలు ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. రెండోసారి ముందుగానే అడిగి, బొమ్మల్ని మాటల్లో వర్ణించే మనిషిని పక్కన కూర్చోబెట్టించుకుంది. అప్పుడు పాసైంది. మధ్యలో ఆ కొన్ని నెలలు మరదలు ఆఖరి అంతస్తుకి వెళ్లి మాట్లాడి వస్తుంటే, లైనమ్మ పక్కన కూర్చుని నోరు కుట్టేసుకుని వినాల్సొచ్చింది. అది ఆమెకి చాలా కష్టమైన కాలం.

లైసెన్సు వచ్చిన పొద్దున మైకు చేతికిచ్చారు. ఏళ్లతరబడి ఫోన్లు కలుపుతూ బతికిన మనిషి మైకుని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడంతా ఇంకొకరి మాట ఇంకొకరికి కలపడమే గాని, తన మాట చెప్పిందెప్పుడు? పిలిచింది, ఆగింది. హోరు. మళ్లీ పిలిచింది. మీట పట్టుకుని గాలించింది. అడుగున ఎక్కడో ఒక ఆడగొంతు, దారంలా సన్నగా, ఆమెనే పిలుస్తోంది. వెతికి వెతికి పైకి తేల్చింది.

ఆ గొంతు పేరు చెప్పి, తానొక పడవలో వంట చేస్తానని చెప్పి, "మీ దగ్గర ఎలా ఉంది?" అని అడిగింది.

లైనమ్మ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. "ఎండగా ఉంది. గాలి లేదు. కింద ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు. ఎవరింట్లోనో ఉల్లిపాయలు మాడుతున్నాయి." ఇన్నాళ్లూ ఒకవైపే విన్న ఆకలంతా ఒక్కసారిగా బయటపడింది. "మీ దగ్గర? పడవ కదులుతోందా? నీళ్ల చప్పుడు వినిపిస్తుందా? గిన్నెలు జారిపోవా? పొయ్యి ఎలా నిలబడుతుంది?"

అవతలి ఆడమనిషి పకపకా నవ్వింది. "ఒక్కోటీ అడగండమ్మా! ముందు పొయ్యి సంగతి చెప్తాను..."

లైనమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. వెనక నిలబడ్డ మరదలు ఆమె భుజం మీద తట్టింది.

"వదినా, ఆవిడ పొయ్యి సంగతి అయ్యాక నాకోసారి ఇవ్వండి. ఉప్పుగాలికి దుప్పట్లు ఎలా ఆరేస్తారో అడగాలి."